మా మరిది ఫ్లెక్సీని నేనెందుకు దింపించాను

ఈ కాగితం పైన తేదీ వేయలేదు. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేసి, తేదీ లేని హోంవర్కును దిద్దకుండా వెనక్కి ఇచ్చేసిన దాన్ని. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు నా చేతి కింద చదువుకున్నవాళ్లే, వాళ్లకు ఆ సంగతి బాగా గుర్తుంటుంది. అయినా వేయలేదు. కారణం చదివితే తెలుస్తుంది.

మా మరిది పోయాడు. పులివెందుల దారిలో ఒక చీనీ బత్తాయి తోటలో, బోరు పైపుకు ఇనుప చువ్వ ఆనించి, ఆ చువ్వకు చెవి పెట్టి, మోకాళ్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన వినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, కాలు కూడా కదపకూడదు. అది ఆయన పెట్టిన నియమం. అందుకని తోట రైతు, ఆయన భార్య, ఇద్దరు కూలీలు పది నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారట. తరువాత రైతు నాకు ఫోన్ చేసి, "టీచరమ్మా, సారు ఇంగా వింటాండాడనుకున్యాం" అని భోరున ఏడ్చాడు.

ఈ రోజు ఆయన పెద్దకర్మ. మొన్న మన వీధి కుర్రవాళ్లు మలుపులో ఫ్లెక్సీ కట్టారు. నౌకాదళం యూనిఫారంలో మా మరిది, పక్కన ఆయన కొడుకు, ఇద్దరి వెనక ఒక జలాంతర్గామి బొమ్మ, కింద "కడలి గర్భాన కొడుకు, కాటికి పయనమైన నాన్న" అని పెద్ద అక్షరాలు. మధ్యాహ్నం లోపల దాన్ని నేను దింపించాను. మైకు పట్టుకుని వచ్చిన యూట్యూబు ఛానెల్ అబ్బాయిని వరండా మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. నా మనవరాలు ఫోన్‌లో పెట్టుకున్న సంతాపం స్టేటస్ తీయించాను. మరిదికి పేరు వస్తుంటే వదినకు కడుపుమంట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. దానికి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ కొడుకు ఇప్పుడు సముద్రం కింద ఉన్నాడు. తండ్రి పోయిన సంగతి వాడికి తెలియదు. వాడు ఎక్కడ ఉన్నాడో, ఎప్పుడు వస్తాడో మాకు తెలియదు. క్షేమంగా ఉన్నాడా అంటే, అదీ తెలియదు. ఆ చివరి మాటలో నా తప్పు ఉంది. అది కూడా చెబుతాను.

ఈ కాగితాలు లెక్కపెట్టి ఇచ్చాను. మూలన నంబరు వేశాను. చదివాక ఫోటో తీయకుండా గుమ్మం దగ్గర నాకు తిరిగి ఇచ్చి, అప్పుడు భోజనానికి కూర్చోండి. ఇందులో ఏమి రాయవచ్చో అడగవలసినవాళ్లను అడిగే రాశాను.

మా మరిది ఇరవై రెండేళ్లు నౌకాదళంలో ఉన్నాడు. అందులో ఎక్కువ కాలం జలాంతర్గామిలోనే. ఆయన దాన్ని పడవ అనేవాడు. దానికి కిటికీలు ఉండవు. బయట ఏముందో లోపలివాళ్లకు తెలిసేది చప్పుడును బట్టే. చెవులకు యంత్రం తగిలించుకుని ఆ చప్పుడు వినడం ఆయన ఉద్యోగం. దూరాన పోయే ఓడ సరుకులదా, చేపలు పట్టేదా, యుద్ధానిదా, దాని అడుగున తిరిగే పంకాకు ఎన్ని రెక్కలు, ఇవన్నీ విని చెప్పేవాడట. ఈ నాలుగు మాటలు కూడా ఆయన ఊరికి వచ్చిన పదేళ్లకు, నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పినవి.

ఇక్కడికి వచ్చాక అవే చెవులు బోర్లకు పనికొచ్చాయి. మోటారు సరిగా నీళ్లు తోయకపోతే మన రైతులు ముందు పైపులన్నీ పైకి లాగించేవాళ్లు. మా మరిది వెళ్లి, చువ్వ ఆనించి, విని, "బేరింగు పోయింది, లాగండి" అనో, "మోటారు బాగుండాది, నీళ్లే దిగిపోయినాయి, ఇంగో రెండు పైపులు దింపండి" అనో చెప్పేవాడు. జమ్మలమడుగు, వేంపల్లె, పులివెందుల దాకా ఆయన కోసం మనుషులు వచ్చేవాళ్లు. తెలియకపోతే తెలియదనేవాడు. "వినపడనిది వినపడినట్టు చెప్తే పడవ మునుగుతాది వదినా, ఈడ బోరు మునుగుతాది, అంతే తేడా" అని నాతో అన్నాడు ఒకసారి.

ఇంట్లో చప్పుడు చేసేవాడు కాదు. గ్లాసు పెట్టేటప్పుడు ముందు చిటికెన వేలు ఆనించి, తరువాత గ్లాసు దింపేవాడు. తలుపు అరచేత్తో ఆపి మూసేవాడు. మా తోడికోడలు, అంటే ఆయన భార్య, నవ్వేది: "అక్కా, ఈయప్ప ఇంట్లో ఉండాడో లేడో తెలుసుకోవల్లంటే నేను గరిట కింద పడేయల్ల. అప్పుడు 'అబ్బా' అంటాడు. అబ్బా అంటే ఉండాడని లెక్క."

రోజూ ఉదయం మా వరండాకు వచ్చి పత్రిక చదివేవాడు. విదేశాల పేజీ ముందు. ఒకరోజు రెండు పెద్ద దేశాల నాయకులు చేతులు కలిపిన ఫోటో చూసి, "ఇంక గొడవలు తగ్గుతాయిలేప్పా" అన్నాను.

"పైన చేతులు కలిపేటప్పుడే కింద చెవులు ఇంగా దగ్గర పెడతారు వదినా" అన్నాడు. "రెండూ సర్కారు పనే. రెండూ జరగల్ల. ఒకటి ఆగితే రెండోది చెడిపోతాది."

ఇంకోసారి, పక్క దేశపు రేవులో ఏదో పరిశోధన ఓడ ఆగిందని చదివి, పరిశోధనైతే మంచిదే కదా అన్నాను.

"పరిశోధనే, అబద్ధం గాదు. నీళ్ల వేడి, ఉప్పు కొలుచుకుంటాండారు. యా లోతులో చప్పుడు వంగిపోతాదో తెలిస్తే, మనోళ్లు యాడ దాక్కుంటారో తెలుస్తాది. అంతే."

అంతకు మించి చెప్పేవాడు కాదు. కొడుకు తన దారిలోనే నౌకాదళానికి, ఆ తరువాత జలాంతర్గామికి వెళ్లినప్పుడు పొమ్మనలేదు, వద్దనలేదు. సంచిలో పెట్టుకున్న స్టీలు గ్లాసు తీసి ప్లాస్టిక్‌ది పెట్టాడు.

ఇక నా తప్పు.

పెళ్లయినప్పటి నుంచీ నేను రోజు పుస్తకం రాస్తాను. రోజుకు ఒక వాక్యం. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, వాన పడిందా లేదా. జమ్మలమడుగు హైస్కూల్లో పనిచేసేటప్పుడు, మా మరిది సెలవు మీద వస్తే ముద్దనూరులో రైలు దిగి ముందు మా ఇంటికే వచ్చేవాడు. స్నానం చేసి, అన్నం తిని, తరువాత ప్రొద్దుటూరుకు బస్సెక్కేవాడు. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి. "మరిది వచ్చాడు. గడ్డం పెరిగింది. బట్టలు మూడుసార్లు ఉతికినా డీజిల్ వాసన." కొడుకు కాలం వచ్చేసరికి ఫోన్లు వచ్చాయి. "పిల్లవాడు బయలుదేరాడు." ఆ తరువాత రోజూ "ఫోన్ లేదు." ఎప్పటికో "ఫోన్ వచ్చింది."

కొన్ని నెలల కిందట ఒకామె ఫోన్ చేసింది. సైనిక కుటుంబాల్లోని ఆడవాళ్ల మీద పుస్తకం రాస్తున్నానంది. మా పాత విద్యార్థుల సమావేశంలో నేను మాట్లాడిన వీడియో చూశానంది. చక్కటి తెలుగు. మర్యాద. మూడోసారి ఫోన్ చేసినప్పుడు, "ఎదురుచూడటం ఎంత కష్టమో ఎవరైనా లెక్కగట్టారా టీచర్ గారూ?" అని అడిగింది.

"నేను లెక్కగట్టాను" అన్నాను. ఆరు పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను.

మర్నాడు మా మరిది వరండాలో చీనీకాయ వలుస్తుంటే గొప్పగా చెప్పాను. "మన గురించి పుస్తకం వస్తాందప్పా."

"ఎవరు రాసేది?"

"ఒకామె. ఎదురుచూపుల గురించి అడిగింది. రోజు పుస్తకంలోవి ఆరు పేజీలు పంపినా. నాలుగు నీవి, రెండు పిల్లోనివి."

చీనీ తొన పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకో వదినా" అన్నాడు. "నువ్వు ఈ ఇంటి మనిషివి గాదనుకో. ఇంగో దేశం మనిషివి. ఈ ఊరు తెల్దు, మేము తెల్దు. నీ చేతిలో ఆ ఆరు పేజీలే ఉండాయి. లెక్క చేయి."

"ఏం లెక్క?"

"పిల్లోడు మళ్లా ఒడ్డుకు ఎప్పుడొస్తాడు?"

కూర్చుని చేశాను. మొదట అంకెలు చెల్లాచెదురుగా కనిపించాయి. బయలుదేరిన రోజుకూ ఫోన్ వచ్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులో తీసివేశాను. ఒడ్డున ఉన్న రోజులు వేరే వరుసలో రాశాను. తండ్రి పేజీలు, కొడుకు పేజీలు పక్కపక్కన పెట్టేసరికి రెండూ ఒకే అచ్చులో పోసినట్టు కనిపించాయి. అరగంటలో కాగితం అడుగున ఒక వారం తేలింది. ఆ వారంలో మా పిల్లవాడి పడవ రేవు దగ్గరికి వస్తుంది.

నేను చేసిన లెక్క తప్పయితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. రెండుసార్లు సరిచూశాను. సరిగానే ఉంది.

మా మరిది కాగితం తీసుకుని చూశాడు. "నూటికి నూరు" అన్నాడు. "నీకు అరగంట పట్టింది. వాళ్లకు అంత గూడా పట్టదు."

"తెలిస్తే ఏమవుతుందప్పా?"

"రేవు ముందర లోతు తక్కువ. దాక్కునే జాగా ఉండదు. ఎవడన్నా కాచుకోని మన పడవ చప్పుడు పట్టుకోవల్లంటే ఆడనే. ఒకసారి పట్టుకుంటే ఇంగ యా సముద్రంలో ఉన్యా గుర్తుపడతాడు. మనిషి దగ్గు విని మనిషిని గుర్తుపట్టినట్టు."

మా తోడికోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "చెప్తే పిల్లోని ఉద్యోగం పోతాదేమో, ఎవరికీ చెప్పాకు" అంది భర్తతో.

"చెప్పకుంటే పిల్లోడే పోతాడేమో" అన్నాడు ఆయన.

అంతలో ఆ పుస్తకం రాస్తున్నానన్న ఆమె దగ్గరి నుంచే ఫోన్ వచ్చింది. మా మరిది ఎత్తమని సైగ చేసి, స్పీకర్ పెట్టించి, దగ్గరకు జరిగి కళ్లు మూసుకున్నాడు.

"టీచర్ గారూ, ఆ పేజీలు చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదండీ. అబ్బాయి ఈసారి ఎప్పుడు బయలుదేరాడో, ఆ పేజీ కూడా పంపుతారా?"

మా మరిది తల అడ్డంగా ఊపి, మాట సాగదీయమని చేత్తో చూపించాడు. నాకు సాగదీయడం రాదు. నాకు వచ్చింది ఒకటే. "ఏ స్కూల్లో చదివావమ్మా నువ్వు?" అని అడిగాను.

"విజయవాడలోనండీ."

"పదో తరగతి లెక్కల్లో ఎన్ని మార్కులు?"

ఆమె తడబడింది. మార్కులకు తడబడినవాళ్లను నేను అంత తొందరగా వదలను. త్రికోణమితి దాకా వెళ్లాను. చివరికి పుస్తకం అటక మీద ఉందని, వెతికి చెబుతానని ఫోన్ పెట్టేశాను. తెలిసి చెప్పిన అబద్ధం.

మా మరిది కళ్లు తెరిచాడు. "అది ఇల్లు గాదు వదినా. పెద్ద గది. ఆమె ఎనకాల ఇద్దరు ఉండారు. ఒకడు మరాఠీలో, ఇంగొకామె మలయాళంలో. ఎప్పుడు బయల్దేరినాడు, ఎప్పుడు బయల్దేరినాడు. అందరూ అదే అడుగుతాండారు."

ఆ రోజే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కడపకు వెళ్లి, చెప్పవలసిన చోట చెప్పి వచ్చాడు. రెండు రోజులకు ఇద్దరు అధికారులు మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చారు. మూడు గంటలు నన్ను అడిగారు. ఇవన్నీ ఎందుకు రాసిపెట్టావమ్మా అన్నారు. మరచిపోకుండా ఉండటానికి అన్నాను.

అప్పుడు మా మరిది లేచి నిలబడ్డాడు. వాళ్లతో హిందీలో మాట్లాడాడు. ఆ మాటలు నాకు అర్థమైనంత వరకు ఇవి: "ఇరవై రెండేళ్లు నేను నోరు మూసుకున్నాను. ఇంట్లోవాళ్లనూ మూసుకోమన్నాను. ఎందుకో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈమెకంటే కచ్చితంగా పాటించేవాళ్లు ఉండరు. తప్పు నాదని రాసుకోండి."

నేను వేలమంది పిల్లల తప్పులకు ఎర్రసిరాతో గీతలు పెట్టినదాన్ని. ఒకరి తప్పును ఇంకొకరు లేచి నిలబడి తీసుకోవడం తరగతి గదిలో ఎప్పుడూ చూడలేదు. ఆయనకు కృతజ్ఞత చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. తరువాత చెప్పవచ్చులే అనుకున్నాను.

వాళ్లు నా పుస్తకాలన్నీ తీసుకెళ్లారు. నలభై ఎనిమిది. ముట్టినట్టు రాసివ్వమన్నాను. చిన్న అధికారి నవ్వితే, మా మరిది, "ఇచ్చేయండి సార్, లేకుంటే ఈమె మిమ్మల్ని బెంచీ ఎక్కిస్తుంది" అన్నాడు. రాసిచ్చారు. వెళ్లేటప్పుడు పెద్ద అధికారి ఒకటే మాట చెప్పాడు. పాత లెక్క ప్రకారం ఎదురుచూడకండి.

నేను లెక్కగట్టిన వారం వచ్చింది. ఫోన్ రాలేదు. వారం గడిచింది.

"రాకపోవడం మంచిదేనా అప్పా?" అని అడిగాను.

"మంచిదే వదినా. నీ లెక్క తప్పిందంటే మనోళ్లు మార్చినారని."

"మార్చినందుకేనా, లేకపోతే..."

"ఆ రెండో మాట అనాకు" అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. అది ఠక్కుమంది. ఆయన చేతిలో గ్లాసు చప్పుడు కావడం నేను వినడం అదే మొదలు. ఆయనకు కూడా తెలియదని అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత ఒకరోజు తనే మొదలుపెట్టాడు. ఆయన సర్వీసులో ఉండగా మా మామగారు పోయారు. నెల దాటాక, పడవ రేవుకు వచ్చాకే ఆయనకు చెప్పారు. కోపం రాలేదా అని అడిగాను.

"చెప్పింటే ఏం చేసేవాన్ని? ఆడ ఒకడు ఏడిస్తే అందరికీ గాలి తక్కువైనట్టు ఉంటాది. కానీ ఒడ్డున గూడా ఆఫీసులో నిలబెట్టి చెప్పినారు. అది బాగలేదు. నేను పోతే మా పిల్లోనికి ఇంట్లోనే తెలియల్ల. నువ్వే చెప్పల్ల."

ఆ మాటే కాగితం మీద రాసి అధికారులకు కూడా పంపాడు. ఒప్పుకున్నారు. అలాంటిది జరిగితే వాడికి నాన్నకు బాగాలేదని మాత్రం చెప్పి, సెలవు ఇచ్చి పంపుతామన్నారు. ఆ పులివెందుల దారి చీనీ తోటకు ఆయన వెళ్లింది ఆ తరువాత ఎన్ని రోజులకో రాయను. నా కొడుకు తలకొరివి పెట్టాడు.

మా మరిది కొడుకు ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. వాడు వస్తే చాలు. ఆ ఫోన్ చేసిన ఆమెను పట్టుకున్నారో లేదో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఇక జరగవలసినవి రాస్తున్నాను.

1. ఫ్లెక్సీ మళ్లీ కట్టకండి. వాడు వచ్చాక, వాడు సరేనంటే, పడవ బొమ్మ లేకుండా కట్టుకోండి. దాని ఖర్చు వృథా అయినందుకు కుర్రవాళ్లు నన్ను క్షమించాలి.

2. సంతాపం స్టేటస్‌లు, ఏడుపు బొమ్మలు, దండ వేసిన ఫోటోలు మీ ఫోన్లలో నుంచి ఈ రోజే తీసేయండి. వాడు ఒడ్డుకు రాగానే ముందు తెరిచేది ఫోనే.

3. ఎవరింట్లో సైన్యంలో పిల్లలున్నా, కొత్తవాళ్లు ఫోన్ చేసి వాళ్ల రాకపోకలు అడిగితే, ఎంత చక్కటి తెలుగైనా సరే, ఏమీ చెప్పకండి. ఇప్పటికే చెప్పి ఉంటే నా దగ్గరకు రండి. తిట్టను. వెంట వచ్చి, చెప్పవలసిన చోట చెప్పిస్తాను.

4. ముద్దనూరు స్టేషన్ దగ్గర గానీ, ప్రొద్దుటూరు బస్టాండులో గానీ వాడు కనిపిస్తే వాన గురించి మాట్లాడండి, చీనీ కాపు గురించి మాట్లాడండి. పరామర్శించకండి. భుజం మీద చేయి వేయకండి.

5. మా తోడికోడలికి తీయవలసినవి తీయలేదని నిన్నటి నుంచి గొణుగుతున్న పెద్దలు ఆమె దగ్గరకు వెళ్లకండి, నా దగ్గరకు రండి. వద్దన్నది నేను. మలుపు తిరిగితే మా గేటు కనిపిస్తుంది. వాడు బ్యాగు భుజాన వేసుకుని ఎప్పుడు వచ్చినా ముందు చూసేది వాళ్లమ్మ ముఖమే. ఆమె రోజూ ఉదయం స్నానం చేసి, అద్దం ముందు నిలబడి, చేయి వణకకుండా కుంకుమ దిద్దుకుని, చేతుల నిండా గాజులతో వచ్చి ఆ గేటు దగ్గర నిలబడుతోంది.